పస్రా దాటాక బస్సు ఆగింది

బొగత జలపాతం గురించి రాయడానికేం లేదు. నీళ్లున్నాయి, జనం అంతకన్నా ఎక్కువున్నారు, కాల్చిన మక్క కంకి నలభై రూపాయలు. నాకు గుర్తుండిపోయింది మాత్రం పస్రా దాటాక అడవిలో బస్సు ఆగిపోయిన సేపే.

హనుమకొండలో ఎక్కినప్పుడే చిరాకు మొదలైంది. మా ఆవిడకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్, నాకు ఫుల్ టికెట్, సీటు మాత్రం ఇద్దరికీ లేదు. ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి డ్రైవర్ దండం పెట్టాడు, నేనూ పెట్టాను, అయినా టైరు నిలవలేదు. స్టెప్నీ లేదట. వెనకొచ్చే బస్సులో ఎక్కిస్తామని అందరినీ దించేశారు.

వాన వెలిసింది. అప్పుడే బర్రెల మంద పోయిన దారి, ఎటు చూసినా పచ్చి పెండ. ఒక కుప్ప మీద పసుపు సీతాకోకచిలుకలు గుంపుగా వాలాయి. మా ఆవిడ ఫోటో తీయబోయి, అవి దేనిమీదున్నాయో చూసి, "ఛీ, ఇంత సోకు చేసుకొని ఇదేం తిండి!" అంది. పక్కనున్న పిల్లాడు నవ్వాడు. మామునూరు వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాడట, తాడ్వాయి దగ్గర ఊరు.

"ఉప్పు కోసం అక్కా. పూలల్ల తీపి ఉంటది గని ఉప్పు సరిపోదు. ఎక్కువ మగయే వస్తయి. పీల్చిన ఉప్పును జత కట్టినప్పుడు ఆడదానికి ఇస్తయి, అది గుడ్లకు పనికొస్తది."

"చూశావా, సరుకులు తెచ్చే బాధ్యత ఎవరిదో" అని ఆవిడ నా వైపు తిరిగింది.

ఇంతలో ఒక పెండపురుగు తలకిందులై, వెనక కాళ్లతో ఉండను నెట్టుకుంటూ మా చెప్పుల పక్కనుంచే పోయింది. చిన్నప్పుడు పుల్లతో దారి మళ్లించేవాళ్లం, మళ్లీ అదే దిక్కు పట్టేది. పగలు సూర్యుణ్ని చూసుకొని పోతాయట. దక్షిణాఫ్రికాలో రాత్రిపూట తిరిగే ఒక రకం పెండపురుగు పాలపుంత వెలుగును బట్టి నడుస్తుందని 2013లో తేల్చారు. తలకు చిన్న టోపీలు పెట్టి ఆకాశం కనబడకుండా చేస్తే దారి తప్పి వంకర్లు తిరిగాయట. పురుగుకు టోపీ పెట్టిన ఆ సైంటిస్టు ఓపికకు దండం పెట్టాలి.

నాకు మతి పోగొట్టింది మాత్రం కుందేలు సంగతి. నర్సంపేటలో మేం కుందేళ్లు సాదేవాళ్లం. తెల్లారగట్ల అవి మూతి కిందికి వంచి ఏదో తినేవి. ఒళ్లు నాక్కుంటున్నాయిలే అనేవాడు మా నాయన. అది నాకడం కాదని ఆ పిల్లాడు చెప్పాడు. ఆవుకు గడ్డి పులిసే సంచి పేగులకు ముందే ఉంటుంది కాబట్టి ఆ సారమంతా పేగుల్లో ఒంటికి పడుతుంది. కుందేలుకు ఆ సంచి చిన్నపేగు తర్వాత ఉంది. అక్కడ తయారైన ప్రొటీన్లు, బి విటమిన్లు చాలావరకు ఒంటికి పట్టకుండానే బయటికొస్తాయి. అందుకే జిగురు పొరతో మెత్తగా వచ్చే ఆ పెంటికల గుత్తిని కింద పడనివ్వకుండా నేరుగా నోటితో అందుకొని మింగుతుంది. మనం గూట్లో ఊడ్చే గట్టి పెంటికలు వేరు.

"ఆవు నెమరేస్తది, కుందేలు మల్ల తింటది. అంతే తేడా సార్" అన్నాడు. గుర్రప్పిల్ల, ఏనుగుపిల్ల కూడా తల్లి పెండ తింటాయట. గడ్డి అరిగించే సూక్ష్మజీవులు వాటి కడుపులోకి చేరే దారుల్లో అదొకటి.

మేం మాట్లాడుతుండగానే పెండపురుగులు తవ్వుతుంటే ఒక కుప్పలో సగం మట్టిలోకి పోయింది. మా కాలనీలో ఆవు వేసిన పెండ సీసీ రోడ్డు మీద ఎండి, బండ్ల కింద దుమ్మయి మా వాకిట్లోకే వస్తుంది. సిమెంటును ఏ పురుగు తవ్వుతుంది? ఆస్ట్రేలియాలో సొంత పెండపురుగులు కంగారూల ఎండు పెంటికలకే అలవాటుపడి ఆవు పెండను పెద్దగా పట్టించుకోలేదు. పచ్చికంతా పెండ, పెండ నిండా ఈగలు. చివరికి 1960ల నుంచి వేరే దేశాల పురుగుల్ని తెచ్చి వదిలారు. మున్సిపాలిటీ వాళ్లకు చెబుదామంటే ముందు రోడ్డు తవ్వాలంటారు, తవ్వితే మళ్లీ పూడ్చరు.

వెనక బస్సు రానే వచ్చింది. అందులో కండక్టర్ నా పాత టికెట్ చెల్లదన్నాడు. ఆయనతో వాదించి గెలిచేసరికి తాడ్వాయి వచ్చింది, పిల్లాడు దిగిపోయాడు. మా ఆవిడ కుక్కల గురించి అడగాలనుకుందట, నా అరుపుల్లో కుదరలేదట. ఏటూరునాగారం దాకా నాతో మాట్లాడలేదు.