మా పండుకి టిక్ ఫీవర్ వచ్చిన ఎండాకాలం

విజయవాడ ఎండల్లో కుక్క తిండి తగ్గించడం కొత్తేం కాదు. మే నెల వచ్చిందంటే మా పండు మధ్యాహ్నం గిన్నె వైపు చూడడు, సాయంత్రం చల్లబడ్డాకే తింటాడు. అందుకే అన్నం వదిలేశాడని మాకు కంగారు పుట్టలేదు. కంగారు పుట్టింది వాడు పడుకున్న చోటు చూసి. వంటింటి గడప దగ్గరి చల్లని గచ్చు వాడి సొంతం. వెనక కాళ్లు రెండూ చాపి, పొట్ట మొత్తం గచ్చుకి ఆనించి బొక్కబోర్లా పడుకుంటాడు. ఆ రోజు ఆ చోటు వదిలేసి హాల్లో సోఫా వెనక్కి పోయి, తోక ముక్కు మీదికి తెచ్చుకుని ముడుచుకుపోయాడు. బయట నలభై డిగ్రీలు దాటిన ఎండ. వీడికి చలేస్తోంది.

పండు ఊరకుక్క. మా వీధి చివర కాలవ పక్కన వానలో తడుస్తుంటే మా అబ్బాయి చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. ఐదేళ్లుగా ఇంట్లో ఒకడిగా పెరుగుతున్నాడు. వాడికి ఏది హాయి, ఏది పడదు అన్నది ఇంటిల్లిపాదికీ తెలుసు, మా అత్తయ్యకి మరీ తెలుసు. ఆ సాయంత్రం ఆవిడే అన్నారు, "అమ్మాయ్, వీడు పొద్దుట్నించీ ఒక్కసారి కూడా ఒళ్లు విదిలించలేదు, చూశావా?" అని. నిజమే. నిద్ర లేవగానే ముందు కాళ్లు చాపి ఒళ్లు విరుచుకుని, చెవులు టపటపలాడేలా విదిలించుకోవడం వాడికి అలవాటు. నేను పిలిస్తే తోక ఆడింది గానీ లేవలేదు.

మర్నాడు పొద్దున తుమ్మాడు. తెల్ల టైలు మీద రెండు ఎర్ర చుక్కలు పడ్డాయి. తుడిచి లేచేలోపు మరో తుమ్ము, ఇంకో చుక్క. ఎడమ ముక్కులోంచి సన్నగా రక్తం. ఇక ఆగకుండా మా ఆయన స్కూటర్ తీశారు. పండుని ఒళ్లో పెట్టుకుని నేను వెనక కూర్చున్నాను. ఒళ్లంతా కాలిపోతోంది.

డాక్టరుగారు ముందు వాడి పై పెదవి ఎత్తి చూశారు. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ రంగు తిరగాలట. మా వాడికి తిరగడానికి ఆలస్యమైంది. తర్వాత వెల్లకిలా తిప్పి పొట్ట చూపించారు. తొడల మధ్య, వెంట్రుకలు పల్చగా ఉండే చోట, ఆవగింజకన్నా చిన్న ఎర్ర మచ్చలు. దోమకాట్లు అనుకునేంత మామూలుగా ఉన్నాయి. "నొక్కినా పోవట్లేదు చూడండమ్మా, చర్మం కింద రక్తం చిమ్మిన మచ్చలు ఇవి" అన్నారాయన. టెంపరేచర్ 104 దాటింది. కుక్కకి మామూలుగానే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది, కాబట్టి మన చేతికి వెచ్చగా తగిలితే జ్వరం అనుకోకూడదు. ముక్కు తడిగా ఉందా, పొడిగా ఉందా అని చూసి తేల్చడం కూడా నమ్మకమైన పద్ధతి కాదు. థర్మామీటరే చెప్పాలి.

రక్త పరీక్షకి గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు ముప్ఫై వేల చిల్లర. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి సుమారు రెండు లక్షల నుంచి ఐదు లక్షల దాకా ఉంటాయి. హిమోగ్లోబిన్ కూడా తగ్గింది. కిట్ పరీక్షలో ఎర్లికియా పాజిటివ్ అని వచ్చింది. అందరూ టిక్ ఫీవర్ అనేది దీన్నే.

ఎర్లికియా కానిస్ అనేది ఒక బాక్టీరియా. గోధుమ రంగు పిడుదు (టిక్ అంటే ఇదే) కుట్టినప్పుడు కుక్క రక్తంలోకి చేరి తెల్ల రక్తకణాల్లో కాపురం పెడుతుంది. కుట్టిన వారం నుంచి మూడు వారాల్లోపు జ్వరం, నీరసం, తిండి మీద విముఖత మొదలవుతాయి. ప్లేట్‌లెట్లు పడిపోతాయి కాబట్టి ముక్కులోంచి రక్తం, చర్మం మీద మచ్చలు. ఈ దశలో పట్టుకుంటే మందుకి బాగా లొంగుతుంది. కొన్ని కుక్కల్లో జ్వరం దానంతటదే తగ్గిపోయి, జబ్బు నెలల తరబడి లోపల దాక్కుని, చివరికి ఎముకల్లోని మూలుగని దెబ్బతీస్తుంది. అప్పుడు మందులున్నా కష్టమే. పండు చోటు మార్చి పడుకోవడం మా కంట పడినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మనకి నోరు తెరిచి చెప్పలేని ప్రాణి ఇలాంటి వాటితోనే చెబుతుంది.

మందు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్. కిలో బరువుకి రోజుకి 10 మిల్లీగ్రాముల లెక్కన, 28 రోజులు. మధ్యలో కుక్క హుషారైందని ఆపేస్తే లాభం లేదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ప్లేట్‌లెట్ల కోసం మొదట్లో కొద్ది రోజులు తక్కువ మోతాదులో స్టెరాయిడ్ కూడా ఇచ్చారు. పక్కింటి పిన్నిగారు ప్రేమకొద్దీ జ్వరం మాత్ర అరముక్క తెచ్చి ఇచ్చారు. వద్దండీ పిన్నిగారూ అని చెప్పాను. మనుషుల జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు డాక్టరు చెప్పకుండా కుక్కకి వేయకూడదు. ఐబుప్రొఫెన్ లాంటివి కడుపులో పుండ్లు పెడతాయి, కిడ్నీలని పాడుచేస్తాయి. ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కకి కడుపులో రక్తస్రావం మొదలైతే ఆపడం ఎంత కష్టమో ఆవిడకి చెబితే, పాపం, ఆవిడే భయపడిపోయారు.

అసలు పని ఇంటికొచ్చాక మొదలైంది. డాక్సీసైక్లిన్ ఖాళీ కడుపున వేస్తే వాంతి అవుతుంది. మాత్ర గొంతు దిగువన ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. కాబట్టి ముందు నాలుగు ముద్దలైనా తినాలి, మాత్ర పడ్డాక నీళ్లు తాగాలి. తిననంటున్న కుక్కకి ఇవన్నీ ఎలా? ఉడికించిన కోడిగుడ్డులో పెడితే గుడ్డు తినేసి మాత్ర శుభ్రంగా నాకి పక్కన పెట్టాడు. చివరికి కుదిరిన పద్ధతి ఇది: కోడి లివర్ ఉడకబెట్టి, చిన్న ఉండలు చేయడం. మొదటి ఉండ ఉత్తిది. రెండోదాంట్లో మాత్ర. అది నోట్లో ఉండగానే మూడో ఉండ కళ్ల ముందు పెట్టడం. దాని కోసం రెండోది గుటుక్కున మింగేస్తాడు. తర్వాత సూది తీసేసిన సిరంజితో బుగ్గ పక్కనుంచి కొద్దికొద్దిగా నీళ్లు. తల పైకెత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, అందుకే తల మామూలుగా ఉంచి, మింగాడా లేదా గొంతు మీద వేలు ఆనించి చూసుకుంటూ పోశాను.

పెరుగన్నం వాడికి ప్రాణం. కానీ పాలల్లో, పెరుగులో ఉండే కాల్షియం ఈ మందుని ఒంటికి పట్టనివ్వదు. మాత్రకీ పెరుగుకీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచమన్నారు. అత్తయ్య గడియారం చూసి మరీ పెట్టేవారు. మిగతా పూటల్లో మెత్తగా వండిన అన్నం, కోడి ఉడికించిన నీళ్లు, గుమ్మడికాయ ముక్కలు. ఉప్పు లేదు, మసాలా లేదు, ఉల్లిపాయ అసలే లేదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలని పగలగొడతాయి. రక్తం తగ్గిపోయిన కుక్కకి మన కూర కలిపిన అన్నం పెట్టడం అంటే ఉన్నది కాస్తా ఊడ్చినట్టే. తిండి కొద్దిగా వెచ్చగా ఉంటే వాసన తగిలి ముక్కు కదిలేది. చల్లారితే మొహం తిప్పుకునేవాడు.

పక్క గురించి కూడా చెప్పాలి. నీరసంగా ఉన్న కుక్క గంటల తరబడి ఒకే వైపు పడుకుంటుంది. గట్టి గచ్చు మీద మోచేతులు, తుంటి ఒరుసుకుంటాయి. అత్తయ్య పాత నూలు చీరలతో బొంత కుట్టారు, రెండు బొంతలు. ఒకటి వేస్తే ఒకటి ఉతికి ఎండలో. ఫ్యాను గాలి నేరుగా తగలకుండా, కానీ గాలాడే చోట పక్క వేశాం. నీళ్ల గిన్నె లేచి వెళ్లాల్సిన పని లేకుండా, పడుకున్నవాడు మెడ చాపితే అందేలా, ఇటుక మీద పెట్టాం. పొద్దున, సాయంత్రం నీళ్లు మార్చడం మా అబ్బాయి పని. కొలత గ్లాసుతో పోసి ఎంత తాగాడో నోటుబుక్కులో రాసేవాడు. డాక్టరుగారు ఆ నోటుబుక్కు చూసి వాడి భుజం తట్టారు.

అన్నిటికన్నా కష్టం ఒంటేలుది. మాది మొదటి అంతస్తు. పండు ఇంట్లో పోయడు, ఎంత అవసరమైనా బిగబట్టుకుంటాడు. స్టెరాయిడ్ వల్ల దాహం ఎక్కువై, రాత్రిళ్లు మాటిమాటికీ లేవాల్సి వచ్చేది. మెట్లు దిగలేడు. వెనక కాళ్లు వణుకుతున్నాయి. పొడవాటి తువ్వాలు పొట్ట కింద నుంచి వేసి, రెండు కొసలూ పైన పట్టుకుని, మా ఆయన ఒక్కో మెట్టూ దింపేవారు. పిల్లాడికి నడక నేర్పినట్టే. పొట్ట మీద బరువు పడకుండా, మచ్చలున్న చోట ఒరుసుకోకుండా తువ్వాలు మెత్తగా మడిచేవాళ్లం. గేటు దగ్గర వేపచెట్టు కింద వాడు ఆడకుక్కలా కూర్చుని పోసేవాడు, కాలెత్తే ఓపిక లేక. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

మందు మొదలైన రెండు మూడు రోజులకి జ్వరం దిగింది. వారం తిరక్కుండానే ఒళ్లు విదిలించాడు. చెవుల చప్పుడు విని అత్తయ్య పూజ గదిలోంచి బయటికొచ్చారు. ఆ రోజు ఇంట్లో పాయసం వండుకున్నాం. కాలెత్తి పోయడానికి మాత్రం ఇంకా చాలా రోజులు పట్టింది.

ఈలోపు ఇంట్లో పిడుదుల సంగతి చూడాలి. పండు చెవి మడతలో, కాలివేళ్ల సందుల్లో, మెడ పట్టీ కింద వెతికితే ఇంకా దొరికాయి. ట్వీజర్‌తో చర్మానికి ఆనుకుని పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా నేరుగా లాగి, స్పిరిట్ సీసాలో వేశాం. కిరోసిన్ పూయమని, అగ్గిపుల్లతో కాల్చమని చెప్పేవాళ్లున్నారు, రెండూ చేయొద్దు. చేత్తో నలపొద్దు. నిజానికి కుక్క మీద కనిపించేవి కొన్నే. ఈ గోధుమ పిడుదు రక్తం తాగి కిందపడి, గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. పిల్లలు మళ్లీ కుక్కనెక్కి, తాగి, దిగి, పెరిగి, మళ్లీ ఎక్కుతాయి. తిండి లేకపోయినా నెలలు బతుకుతాయి. నేల మీద కాదు, గోడ ఎక్కే గుణం వీటిది. మా బాల్కనీలో కిటికీ చట్రం వెనక పగుల్లో టార్చి వేసి చూస్తే గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఆ పగుళ్లన్నీ వైట్ సిమెంటుతో మూసేశాం. బొంతలు, కర్టెన్లు వేడినీళ్లలో ఉడకేశాం. ఇంట్లో పిడుదుల మందు కొట్టించిన రోజు పండుని, అత్తయ్యని మా ఆడపడుచు ఇంటికి పంపి, తడి పూర్తిగా ఆరాకే తీసుకొచ్చాం.

పండుకి డాక్టరుగారు పిడుదులని చంపే, పన్నెండు వారాలు పనిచేసే నమిలే మాత్ర వేశారు. మూర్ఛలు వచ్చే కుక్క అయితే ఈ రకం మాత్ర వేసే ముందు ఆ సంగతి డాక్టరుకి చెప్పి తీరాలి. మాత్ర వేసినా పిడుదు కుట్టాకే చస్తుంది కాబట్టి ఒళ్లు దువ్వి వెతకడం మానేది లేదు. ఒకసారి తగ్గాక మళ్లీ రాదనే భరోసా కూడా లేదు. ఈ జ్వరం కుక్క నుంచి నేరుగా మనకి అంటుకోదు అని తెలిశాక మా ఆడపడుచు కూడా వాడిని ధైర్యంగా దగ్గరకి తీసుకుంది.

నాలుగు వారాలు పూర్తయ్యాక మళ్లీ రక్త పరీక్ష చేయించాం. ప్లేట్‌లెట్లు రెండు లక్షలు దాటాయి. తగ్గిన బరువు మాత్రం నిదానంగా వచ్చింది. నడక కూడా గేటు దాకా, తర్వాత పాల బూత్ దాకా, అలా పెంచుకుంటూ పోయాం. ఎండాకాలం కాబట్టి తెల్లారకముందే. కుక్కకి ఒంటి నిండా చెమట పట్టదు, రొప్పితేనే వేడి తగ్గుతుంది, రక్తం పూర్తిగా పట్టని కుక్క త్వరగా అలిసిపోతుంది. రోడ్డు మీద చెయ్యి వెనక వైపు ఆనించి ఐదారు సెకన్లు ఓర్చుకోలేకపోతే, ఆ రోడ్డు మీద వాడి పాదాలు పెట్టించను.

మా కింద వాచ్‌మన్ దగ్గర ఉండే నల్లకుక్కకీ అదే జ్వరం వచ్చింది. పండు పొట్ట మీద మచ్చలు చూసి ఉన్నాడు కాబట్టి అతనే గుర్తుపట్టి, "మేడం, దీనికీ ఉన్నాయి" అని తీసుకొచ్చాడు. దానికి మందు తొందరగా పడింది, ముక్కులోంచి రక్తం దాకా రాలేదు. ఒక్క ఇంట్లో పిడుదులు పోతే సరిపోదని అప్పుడు అందరికీ అర్థమైంది. అపార్ట్‌మెంటులో తలా కొంత వేసుకుని, డాక్టరుగారిని పిలిపించి, వీధిలో తిరిగే కుక్కలన్నిటికీ బరువు చూసి మాత్రలు వేయించాం. మళ్లీ వేయాల్సిన తేదీ లిఫ్టు పక్కన కాగితం మీద రాసి ఉంది. డబ్బులు వసూలు చేసే పని మా అబ్బాయి తీసుకున్నాడు, ఇప్పటికే సగం ఇళ్లు ఇచ్చేశాయి.