పాత కంప్యూటర్లు దానం ఇస్తామనేవాళ్లకి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయినప్పట్నుంచి తిరుపతిలో మా షాపుకి పాత పీసీలు తెగ వస్తా ఉండాయి, లోపలుండే ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో జనరేషన్ కంటే ముందుదైతే విండోస్ 11 అఫీషియల్‌గా ఎక్కదు కదా, అందుకని ఆఫీసులోళ్లు అన్నీ మార్చేసి "అన్నా, ఇవి ఏదన్నా పల్లె బడికిచ్చెయ్, పుణ్యమొస్తాది" అని ఆటోలో తెచ్చి దించేసి పోతారు. పుణ్యం సంగతి ఆ ఏడుకొండలోడికి తెలియాల, సగం వాటికి పవర్ కేబుల్ కూడా ఉండదు.

లండన్‌లో కంప్యూటర్ ఎయిడ్ ఇంటర్నేషనల్ అని ఒక చారిటీ ఉంది, 1990ల చివర్నుంచి ఇదే పని. కంపెనీలు తీసేసిన పీసీలు బాగుచేసి ఆఫ్రికా, లాటిన్ అమెరికా బడులకి పంపిస్తారు. జాంబియాలో మాచా అనే ఊర్లో 2010లో షిప్పింగ్ కంటైనర్ మీద సోలార్ ప్యానెళ్లు బిగించి లోపల కంప్యూటర్ సెంటరే పెట్టినారు, జూబాబాక్స్ అంటారు. అందరూ ఆ డబ్బా ఫోటో చూసి ముచ్చటపడతారు గానీ, నన్నడిగితే అంతకుముందు డేటా చెరిపి, టెస్ట్ చేసి, పనికిరానివి పక్కన పెడతారే, అసలు కష్టమంతా ఆడే ఉండేది.

మనోళ్లు రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే పోయిందనుకుంటారు. క్విక్ ఫార్మాట్ కొట్టినా ఫైళ్ల లిస్టే పోతాది, లోపల సరుకు అట్లే ఉంటాది. హార్డ్ డిస్క్ మొత్తం మీద మళ్లీ రాయాల, పెద్దదైతే గంటలు పడతాది. మొన్న ఒక ఆఫీసు పీసీలో జనాల ఆధార్ స్కాన్లు ఫోల్డర్లకి ఫోల్డర్లే ఉండాయి, నాకే గుండె ఝల్లుమనింది.

బడికి ఇచ్చినాక అయ్యవారు ఫోన్ చేసి "నెట్ ఉంది గానీ ఏ సైటూ తెరుచుకోలేదబ్బా" అంటే చానాసార్లు తప్పు మదర్‌బోర్డు మీదుండే రూపాయి బిళ్లంత సెల్‌ది, సీఆర్2032. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఏదో పాత సంవత్సరానికి పోతాది, తేదీ తప్పయితే సైటు అసలుదేనని చూపించే సర్టిఫికెట్లని బ్రౌజర్ నమ్మదు. అందుకే సెల్ కొత్తది వేసి, ర్యామ్ కాళ్లు రబ్బరుతో రుద్ది, పాత హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ పెట్టి, విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఫ్రీ సిస్టమ్ ఎక్కించి, ఒక పూటంతా ఆన్‌లో ఉంచి చూసినాకే పంపిస్తా.

చచ్చినవి మాత్రం బడికి అంటగట్టొద్దు. టెస్ట్ చేయకుండా కంటైనర్లకెత్తి పంపితే ఏమవుతాదో ఘానాలో అగ్‌బొగ్‌బ్లోషీ అనే పాత సామాన్ల అడ్డాలో రాగి కోసం వైర్లు కాల్చిన పొగ చూసినోళ్లకి తెలుసు. అట్లాంటివి లైసెన్సున్న ఈ-వేస్ట్ రీసైక్లర్‌కే ఇయ్యాల.

తెచ్చేవాళ్లు కేబుళ్లు, కీబోర్డు కూడా తెండి, ఆన్ చేయంగానే అడిగే బయోస్ పాస్‌వర్డ్ ఉంటే చీటీ రాసి అంటించండి. ఆ పాత డబ్బా మానిటర్లు మాత్రం వద్దు సామీ, పెట్టేదానికి చోటు లేదు.