లోపలికి తిప్పితే పైకి లేచింది

బైక్ గెట్టు మీంచి జారి నా కుడి మోకాలు బయటి పక్క మీద పడ్డది. ఎముక విరగలేదు. వాపు తగ్గినంక చూస్తే పాదం వేలాడుతున్నది. కిందికి తొక్కుతది గని పైకి లేవదు. చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలిసేది కాదు. గచ్చు మీద నడిస్తే పాదం టప్పుమని కొట్టుకునేది, అమ్మ వంటింట్ల నుంచే "వచ్చినవా బిడ్డా" అనేది.

ఒకాయన వాతమన్నడు. మూడు నెలలు నూనె పెట్టి తోమించుకున్న. ఆ మూడు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతది.

హైదరాబాదుల నరాల పరీక్ష చేసిన్రు. మోకాలు కింద, బయటి వైపు సన్నెముకను చుట్టుకొని పోయే నరం దెబ్బతిన్నది. నరం పెరిగితే రోజుకు 1 మిల్లీమీటరు దాకా పెరుగుతదట. ఏడాది చూసినం, రాలేదు. అప్పటిదాకా పాదం వేలాడకుండ బూటులో ప్లాస్టిక్ పట్టీ. మిర్యాలగూడ దిక్కు సాగర్ ఎడమ కాలువ కింద మాది వరి పొలం. పట్టీతోని బురదల దిగలేం కదా, ఆ ఏడు నాట్లప్పుడు నేను గెట్టు మీదనే నిలబడ్డ.

ఆఖరికి ఆపరేషన్ చేసిన్రు. పాదాన్ని లోపలికి తిప్పే కండకు వేరే నరం, అది మంచిగనే ఉన్నది. దాని టెండన్‌ను, అంటే కండను ఎముకకు పట్టి ఉంచే తాడును, పాదం లోపలి అంచు నుంచి విప్పి, పిక్క ముందు రెండెముకల నడుమ పొరల నుంచి దాటించి, పాదం మీద బిగించిన్రు. స్థలం మార్చిన కండ కొంత బలం పోగొట్టుకుంటదట. అందుకే దాని బలం ముందే పరీక్షించిన్రు. మడమ బిగుసుకోకుండ సాగదీయమన్నరు.

ఆరు వారాలు కట్టు. విప్పినంక అసలు కష్టం మొదలైంది. లేపుతున్న, లేవదు. ఆపరేషన్ పోయిందనుకొని ఒక రాత్రి ఏడ్చిన. ఫిజియోథెరపీ పిల్ల చెప్పింది: "పైకి లేపాలనుకోకు అన్నా, పాదం లోపలికి తిప్పాలనుకో." ఆ కండకు తెలిసిన పని అది. ఎద్దు పాతదే, చాలు కొత్తది.

రోజుకు నాలుగైదు సార్లు మంచం మీద కూసొని అదే పని. అమ్మ వేలుతో చీలమండ ముందు పట్టుకొని చూసేది. ఒకరోజు పొద్దున్నే, చర్మం కింద మోకు లెక్క బిగిసింది. పాదం రెండు వేళ్లంత లేచింది. అమ్మ వేలు తియ్యలేదు, "మళ్ల చెయ్" అన్నది. మళ్ల లేచింది.

ఇప్పుడు అనుకోకుండనే లేస్తది. పరుగు లేదు, కాలివేళ్లు పూర్తిగ లేవవు. అలసిన రోజు గెట్టుకు తగులుతయి. అప్పుడు కూసుంట, నాలుగు సార్లు లోపలికి తిప్పుత, లేచి మడి దిక్కు పోత.