ఏటవాలు కొండ మీద కిలోమీటర్లతో పనిలేదు

“కిలోమీటరుకి నీ పేస్ ఎంత?” అడవి దారుల్లో, కొండ దారుల్లో పరుగెత్తే ట్రైల్ రన్నర్లు ఇద్దరు కలిస్తే మాట ఇక్కడే మొదలవుతుంది. పేస్ అంటే ఒక్కో కిలోమీటరుకి పట్టే నిమిషాలు. నేను నిటారు కొండ పోటీలకు మారాక ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం మానేశాను. మేము చూసుకునేది గంటకి ఎంత ఎత్తు ఎక్కామన్నదే. గంటకి వెయ్యి మీటర్లు నిలకడగా ఎక్కగలిగితే ఆ మనిషి బాగా తయారై ఉన్నట్టు.

పేస్ ఎందుకు పనికిరాదో చెప్పడానికి స్విట్జర్లాండ్‌లోని ఫుల్లీ పోటీ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అది వర్టికల్ కిలోమీటర్, అంటే కింద నుంచి పైకి వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కే పోటీ. మామూలుగా ఇలాంటి పోటీల్లో దారి పొడవు ఐదు కిలోమీటర్లు మించకూడదు. ఫుల్లీలో మాత్రం అది కేవలం 1.92 కిలోమీటర్లు. ఒకప్పుడు కొండ మీదికి రైలు లాగిన పాత పట్టాల దారి కాబట్టి మలుపులు లేకుండా తిన్నగా పైకి పోతుంది. 2017లో ఇటలీ రన్నర్ ఫిలిప్ గోట్ష్ దాన్ని 28 నిమిషాల 53 సెకన్లలో ఎక్కాడు. గంటకి రెండు వేల మీటర్లు దాటిన వేగం అది! ఆ టైమునే పేస్‌గా మారిస్తే కిలోమీటరుకి పదిహేను నిమిషాలు వస్తుంది. సాయంత్రం షికారుకి బయల్దేరినవాళ్ళు కూడా ఇంతకంటే వేగంగానే నడుస్తారు. ఒక మనిషి ఊపిరితిత్తులు, కాళ్ళు ఎంతవరకు పనిచేయగలవో అంతవరకు పనిచేసిన ఆ అరగంట పేస్ అంకెలో ఎక్కడా కనబడదు.

అందుకే ఏ పోటీ గురించి విన్నా నేను ముందు ఒక చిన్న భాగహారం చేస్తాను. మొత్తం ఎక్కే ఎత్తుని దూరంతో భాగిస్తే చాలు. ఇరవై కిలోమీటర్లలో ఐదు వందల మీటర్లు ఎక్కే మామూలు ట్రైల్ పోటీకి కిలోమీటరుకి పాతిక మీటర్లు వస్తుంది. కష్టానికి మారుపేరుగా చెప్పుకునే యూటీఎంబీలో (ఆల్ప్స్‌లో మాంట్ బ్లాంక్ కొండ చుట్టూ సాగే పోటీ) సుమారు 170 కిలోమీటర్లకి పది వేల మీటర్ల ఎక్కుడు, అంటే కిలోమీటరుకి అరవై మీటర్ల లోపే. అది రోజంతా, రాత్రంతా సాగే పోటీ, దాని కష్టం దానిదే. వర్టికల్ కిలోమీటర్లో ఈ అంకె రెండు వందలకి తగ్గదు. ఇంత తేడా ఉన్నప్పుడు రెండూ ఒకే ఆట అనుకోవడం నాకు సబబుగా అనిపించదు.

ఇక అసలు విషయం, నడక. “నడిచేదానికి పోటీ ఎందుకు?” అని నాతో కలిసి అడవి దారుల్లో పరుగెత్తే ఒకాయన అడిగారు. ఆ మాట నన్ను నొప్పించింది. ఏటవాలు పెరిగాక నడవడం అలిసిపోయినదానికి గుర్తు కాదు, అది సరైన పద్ధతి. కొలరాడో విశ్వవిద్యాలయంలో బాగా వాలుగా లేపగలిగే ట్రెడ్‌మిల్ తయారుచేసి, కొండ రన్నర్లను దాని మీద నడిపించి, పరుగెత్తించి చూశారు. 2016లో అచ్చయిన ఫలితం ఏమిటంటే, పైకి వెళ్ళే వేగం ఒకటే అయినప్పుడు, వాలు దాదాపు 16 డిగ్రీలు దాటితే పరుగు కంటే నడకకే తక్కువ శక్తి ఖర్చవుతుంది. ఇంకో సంగతి కూడా బయటపడింది. అదే ఎత్తుని అంతే టైములో ఎక్కాలంటే 20 నుంచి 35 డిగ్రీల మధ్య వాలు అన్నిటికంటే చవక. వాలు తక్కువైతే అంత ఎత్తు ఎక్కడానికి మరింత దూరం పోవాలి, అదీ వేగంగా. నిటారు దారులు చూసి భయపడేవాళ్ళకి ఈ మాట తప్పకుండా చెబుతాను.

ఆ నడక మాత్రం మామూలు నడక కాదు. నడుము దగ్గర ముందుకి వంగి, అరచేతులు మోకాళ్ళకి కాస్త పైన పెట్టి, ప్రతి అడుగుకీ తొడని కిందికి నొక్కుతాం. భుజాల బలం కూడా కాళ్ళకి తోడవుతుంది. పోల్స్, అంటే చేతికర్రలు, అనుమతించే పోటీల్లో ఆ పని అవే చేస్తాయి. వీలున్న ప్రతి చోటా మడమని నేలకి ఆనిస్తాను. మునివేళ్ళ మీదే ఎక్కుతూ పోతే పిక్కలు సగం దారిలోనే పట్టేస్తాయి. వాలు కాస్త తగ్గిన చోట నాలుగైదు అడుగులు పరుగెత్తి మళ్ళీ నడకలోకి రావడం, అదీ ఊపిరి లయ చెదరకుండా, నాకు తెలిసినంతలో ఈ ఆటలో అన్నిటికంటే అందమైన నైపుణ్యం. బాగా ఎక్కేవాళ్ళ వెనక నిలబడి చూస్తే ఎక్కడ మారారో కూడా తెలియదు.

చదునైన దారిలో మెరుపులా పరుగెత్తేవాళ్ళు ఇక్కడ ఎందుకు వెనకబడతారో చాలామందికి అర్థం కాదు. చదును నేల మీద అడుగు పడినప్పుడు మడమ వెనక ఉండే స్నాయువు (పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే తాడులాంటిది) సాగి, ఆ శక్తిని మళ్ళీ స్ప్రింగులా తిరిగి ఇస్తుంది. మంచి రన్నర్‌కి ఇది పెద్ద ఆస్తి. నిటారు ఎక్కుడులో పై నుంచి కిందికి పడడం అనేదే ఉండదు కాబట్టి ఆ స్ప్రింగ్‌కి పనిలేదు. ప్రతి మీటరూ పిక్కలు, తొడలు, పిరుదుల కండరాలు సొంతంగా లేపాల్సిందే.

దిగడం ఇంకో లోకం. అలాస్కాలోని సెవర్డ్ ఊళ్ళో జులై 4న జరిగే మౌంట్ మారథాన్ పోటీ 1915 నుంచి ఉంది. పేరులో మారథాన్ ఉన్నా మొత్తం దూరం ఐదు కిలోమీటర్లే. 921 మీటర్ల ఎత్తు దాకా ఎక్కి, అదే కొండ దిగి, ఊళ్ళోకి రావాలి. 2016లో డేవిడ్ నోరిస్ దీన్ని 41 నిమిషాల 26 సెకన్లలో ముగించాడు. ముందువరసలో ఉన్నవాళ్ళకి ఎక్కడానికి అరగంట పైన పడితే, దిగడానికి పది పన్నెండు నిమిషాలు. మంచు, వదులు రాళ్ళు, బండల మీదుగా దిగుతారు. గీసుకుపోయిన మోకాళ్ళతో ముగించేవాళ్ళు ఏటా ఉంటారు. 2012లో ఒక పోటీదారు కొండ మీద కనబడకుండా పోయాడు, ఎంత వెతికినా దొరకలేదు. దిగుడుని తేలిగ్గా తీసుకునేవాళ్ళతో నేను గట్టిగా మాట్లాడేది అందుకే.

దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువుని ఆపాలి. కండరానికి అన్నిటికంటే ఎక్కువ దెబ్బ ఈ పనిలోనే తగులుతుంది. భయంతో వెనక్కి వాలి మడమలతో బ్రేక్ వేసేకొద్దీ ఆ దెబ్బ పెరుగుతుంది, పైగా కాలు జారుతుంది. ఒంటిని పాదాల మీదికి తెచ్చి, చిన్న చిన్న అడుగులు గబగబా వేస్తూ, చేతులు కాస్త చాచి, చూపు నాలుగైదు అడుగుల ముందుంచాలి. మంచి వార్త ఏమిటంటే తొడలు తొందరగా నేర్చుకుంటాయి. ఒక్కసారి గట్టిగా దిగే సాధన చేస్తే తర్వాత కొన్ని వారాలు ఆ నొప్పి బాగా తగ్గుతుంది. అందుకని పోటీకి రెండు మూడు వారాల ముందు ఒక పెద్ద దిగుడు పెట్టుకుంటాను.

కొండ దగ్గర లేనివాళ్ళు ట్రెడ్‌మిల్ మీద ఆశ పెట్టుకుంటారు. చాలా ట్రెడ్‌మిల్స్ 15 శాతం దగ్గర ఆగిపోతాయి. డిగ్రీల్లో అది తొమ్మిది కూడా కాదు. ఊపిరికి పనికొస్తుంది గానీ ఆ మోకాళ్ళు నొక్కే నడక దాని మీద రాదు. నేను ఎక్కువగా నమ్ముకున్నది మెట్లనే. ఎత్తైన భవనం మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, లిఫ్ట్ జోలికి పోకుండా నడిచే దిగుతాను, దిగడమూ సాధనే కదా.

మొదటిసారి ప్రయత్నించాలనుకునేవాళ్ళు పైనే ముగిసే పోటీని ఎంచుకోండి. తొడలు నుజ్జు కావు, పడే ప్రమాదం చాలా తక్కువ. వాచ్‌లో పేస్ బదులు ఎక్కిన ఎత్తు కనబడేలా పెట్టుకోండి. మొదటి వంద మీటర్ల ఎత్తు ఎంతసేపట్లో ఎక్కారో చూసుకుని, పదో వందకి కూడా అదే టైము నిలబెట్టగలరా అని ఆలోచించండి. అనుమానంగా ఉంటే అక్కడే తగ్గించండి. నిటారు దారిలో ఒకసారి ఊపిరి అందకుండా పోతే, తిరిగి సర్దుకోవడానికి చదునైన చోటు దొరకదు.