5/384లో ఆ 5 ఎక్కడిది? స్లోప్, డిఫ్లెక్షన్ నేను చదివిన తీరు

స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో నన్ను ఎక్కువ రోజులు ఇబ్బంది పెట్టిన చాప్టర్ ఇదే: లోడ్ పడిన బీమ్ ఎంత వాలుతుంది (స్లోప్), ఎంత కిందికి దిగుతుంది (డిఫ్లెక్షన్). రెండు చివర్లా ఆనించిన బీమ్ మీద లోడ్ సమంగా పరిస్తే మధ్యలో డిఫ్లెక్షన్ 5డబ్ల్యూఎల్⁴/384ఈఐ; పై 5 అదే. డబ్ల్యూ అంటే మీటరుకు లోడ్, ఎల్ అంటే పొడవు, ఈఐ అంటే వంగకుండా నిలిచే బిగువు. మొదట్లో ఫార్ములాల పట్టిక గోడకు అంటించుకుని బట్టీ పట్టాను. పట్టికలో ఉన్న బీమ్ వస్తే సరే, లోడ్ కాస్త పక్కకు జరిగితే పెన్ను ఆగిపోయేది.

ఒక మాక్ టెస్టులో వచ్చిన లెక్క చెప్తాను. 3 మీటర్ల కాంటిలివర్ (ఒక చివర బిగించి, రెండో చివర వదిలేసిన బీమ్), ఫిక్స్‌డ్ ఎండ్ నుంచి 2 మీటర్ల దగ్గర 10 కిలోన్యూటన్ల లోడ్. ఫ్రీ ఎండ్ డిఫ్లెక్షన్ ఎంత? చివర లోడ్ (పీ) ఉన్నప్పటి ఫార్ములా పీఎల్³/3ఈఐలో 3 మీటర్లు వేసి 90/ఈఐ పెట్టేశాను. ఆప్షన్లలో అదీ ఉంది మరి! మనం ఎక్కడ జారతామో పేపర్ సెట్ చేసేవాళ్లకు బాగా తెలుసు.

ఆ సాయంత్రం వంగిన బీమ్ బొమ్మ గీశాక అర్థమైంది. లోడ్ దాటాక బెండింగ్ మూమెంట్ (బీమ్‌ను వంచే ప్రభావం) సున్నా. మూమెంట్ లేనిచోట బీమ్ వంగదు, అప్పటికే వచ్చిన వాలుతో తిన్నగా కిందికి దిగుతుంది. లోడ్ దగ్గర డిఫ్లెక్షన్ 10×8/3, అంటే 26.67/ఈఐ. అక్కడి స్లోప్ (పీఎల్²/2ఈఐ) 10×4/2, అంటే 20/ఈఐ. మిగిలిన 1 మీటరులో ఆ వాలు వల్ల ఇంకో 20. మొత్తం 46.67/ఈఐ. మూమెంట్ ఏరియా పద్ధతితోనూ (మూమెంట్ బొమ్మ వైశాల్యాన్ని దాని సెంట్రాయిడ్ దూరంతో గుణించడం) సరిచూశాను. త్రిభుజం వైశాల్యం 20, సెంట్రాయిడ్ ఫ్రీ ఎండ్ నుంచి 2.333 మీటర్లు, గుణిస్తే అదే జవాబు.

మర్నాడే గోడ మీది పట్టిక తీసేశాను. కాంటిలివర్ ఫార్ములాలు మాత్రం ఉంచుకున్నాను: చివర మూమెంట్‌కు ఎంఎల్²/2ఈఐ, చివర లోడ్‌కు పీఎల్³/3ఈఐ, పూర్తి యూడీఎల్‌కు (పొడవంతా సమంగా పరిచిన లోడ్) డబ్ల్యూఎల్⁴/8ఈఐ, వాటి స్లోపులు. చాలావరకు మిగతావన్నీ వీటి నుంచే వస్తాయి.

సింప్లీ సపోర్టెడ్ బీమ్ (రెండు చివర్లా ఆనించినది) మీద యూడీఎల్ తీసుకోండి. సిమెట్రీ వల్ల మధ్యలో స్లోప్ సున్నా, కాబట్టి అక్కడ ఫిక్స్ చేసినట్టే. సగం బీమ్ ఎల్/2 పొడవు కాంటిలివర్ అవుతుంది. చివర రియాక్షన్ డబ్ల్యూఎల్/2 పైకి నెడుతుంది, యూడీఎల్ కిందికి లాగుతుంది. మొదటిది డబ్ల్యూఎల్⁴/48ఈఐ, రెండోది డబ్ల్యూఎల్⁴/128ఈఐ. తీసివేస్తే 8/384 మైనస్ 3/384. అదే ఆ 5! ఇది చేతితో చేసి చూసిన రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. మీరూ ఒక్కసారి కాగితం మీద చేయండి, ఇక మర్చిపోరు.

పూర్తి యూడీఎల్ ఉన్న ప్రాప్డ్ కాంటిలివర్ (ఫ్రీ ఎండ్ కింద ప్రాప్, అంటే ఊతం ఉన్నది) కూడా ఇదే దారి. డబ్ల్యూఎల్⁴/8ను ఆర్ఎల్³/3తో సమానం చేస్తే ప్రాప్ రియాక్షన్ 3డబ్ల్యూఎల్/8, పది సెకన్ల పని.

లోడ్లు మూడు నాలుగు చోట్ల ఉంటే మాత్రం మెకాలే పద్ధతికే (బీమ్ అంతటి మూమెంట్‌ను (x−a) లాంటి బ్రాకెట్లతో ఒకే సమీకరణంగా రాసి ఇంటిగ్రేట్ చేయడం) వెళ్లండి. రెండు జాగ్రత్తలు: ఇంటిగ్రేట్ చేసేటప్పుడు బ్రాకెట్ విప్పకూడదు, యూడీఎల్ మధ్యలో ఆగిపోతే దాన్ని చివరిదాకా సాగదీసి, అదనంగా వేసినంత మేర పైకి లోడ్ ఇవ్వాలి.

యూనిట్ల దగ్గర కూడా నేను మార్కులు పోగొట్టుకున్నాను. 1 కిలోన్యూటన్ మీటర్ స్క్వేర్ అంటే 10⁹ న్యూటన్ మిల్లీమీటర్ స్క్వేర్. అందుకే ఈఐని ముందే కిలోన్యూటన్, మీటర్లలోకి మార్చుకుంటాను. పై లెక్కలో ఈఐ 4000 అయితే 46.67/4000, అంటే 0.01167 మీటర్లు. మిల్లీమీటర్లలోకి మార్చడం ఆఖరి మెట్టు: 11.67.