మేకు కొట్టని బల్లకు బ్యాంకు అప్పు

ఈ వారమే నా వడ్రంగి షెడ్డుకు ముద్ర లోన్, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ పథకం కింద బ్యాంకు ఇచ్చే అప్పు, మంజూరైంది. బ్యాంకు మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాసేస్తున్నాను.

పని నేర్చుకున్న సంగతి పెద్దగా చెప్పను. విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూనే, మా వీధి చివర ఉండే పెద్ద వడ్రంగి గారి దగ్గర ఆదివారాలు ఉలి, చిత్రిక పట్టాను. స్టూళ్లు, కుర్చీలు చేశాక తెలిసినవాళ్లు డబ్బిచ్చి చేయించుకోవడం మొదలుపెట్టారు. ఉద్యోగం మానేశాను. చిన్న వ్యాపారాల నమోదైన ఉద్యం రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అయిపోయింది. దానికి ఎవరైనా ఫీజు అడిగితే పైసా ఇవ్వకండి. టేకు కొనేటప్పుడు డిపోవాళ్లు ‘బాగా ఆరిందండీ’ అంటే నమ్మకండి, తేమ మీటరు పెట్టి చూడండి. 12 శాతం దగ్గర ఉంటే తీసుకోండి. 20 చూపిస్తే వదిలేయండి.

అసలు కష్టం మెషిన్ల దగ్గర వచ్చింది. చేతివృత్తులవాళ్లకు అప్పిచ్చే కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలో మొదటి విడత లక్ష రూపాయలే, అది నాకు చాలదు. ముద్రలో కిశోర్ విభాగం కింద 5 లక్షల వరకు ఇస్తారు, తాకట్టు అక్కర్లేదు. చెక్క నునుపు చేసే ప్లేనర్, చెక్క కోసే టేబుల్ సా మెషిన్లకు కొటేషన్లు తెచ్చి దరఖాస్తు పెట్టాను.

షెడ్డు చూడ్డానికి బ్యాంకు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. నేను చేసిన డైనింగ్ టేబుల్ మీద ఎక్కి కూర్చుని, "మేకులు లేవా? మరి ఊడిపోదా?" అన్నాడు. ఒక చెక్కకు నాలుక తీసి రెండో చెక్క గాడిలో దింపితే తరాలపాటు నిలుస్తుందని చెప్పాను. టేకు పలక వానల్లో అడ్డంగా ఉబ్బుతుంది, ఎండల్లో కుదించుకుపోతుంది. కదలకుండా బిగించేస్తే చీలిపోతుంది. అందుకే కింద పట్టీల్లో పలక కదలడానికి చోటు వదిలానని వంగి చూపించాను. ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. నా పనిని చూడని మనిషి రిపోర్టులో ‘అనుభవం లేదు’ అని రాశాడు. నా బల్లల్లో ఒక్కటి కూడా ఇంతవరకు రిపేరుకు తిరిగి రాలేదు.

మేనేజరు ఇంకో మెట్టు పైకెళ్లాడు. తోడుగా వచ్చిన మా నాన్నతో, "బీటెక్ చదివించి వడ్రంగం చేయిస్తున్నారా అండీ? ఇల్లు తాకట్టు పెడితే చూద్దాం" అన్నాడు. నాన్న తల దించుకున్నారు. ఆ మాట నన్ను మాత్రమే అన్నట్టు కాదు. నాకు పని నేర్పిన పెద్దాయననూ అన్నట్టే. ఆయన చేతి తలుపులు ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లకు ఉన్నాయో! చేతిపనిని తక్కువగా చూసే మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టకూడదు.

ఆ తర్వాత బతిమాలడం మానేశాను. అప్పు ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా చెప్పాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ‘తాకట్టు లేదని తిరస్కరిస్తున్నట్టయితే ఆ మాటే రాసివ్వండి’ అని ఉత్తరం ఇచ్చి, నా కాపీ మీద స్టాంపు వేయించుకున్నాను. ఇంకో కాపీ, జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంక్ మేనేజరు ఆఫీసులో ఇచ్చాను. అంతే, ఫోన్ వాళ్ల దగ్గర్నుంచే వచ్చింది. తాకట్టు ఊసే లేదు. బ్యాంకులో నోటిమాట మీద ఇంటికి రాకండి, ప్రతి కాగితానికీ స్టాంపు అడగండి.

ఇంకొక్క సంగతి. మెషిన్ల డబ్బు మన చేతికి రాదు, నేరుగా డీలరు ఖాతాకు వెళ్తుంది. టేకు కొనడానికి, షెడ్డుకు త్రీఫేజ్ కరెంటు పెట్టించుకోవడానికి అందులోంచి రూపాయి రాలదు. అందుకని చెక్క కోసం వర్కింగ్ క్యాపిటల్ (సరుకు, రోజువారీ ఖర్చుల డబ్బు) కూడా అదే దరఖాస్తులో అడగండి. ఇది బ్యాంకులో ఎవరూ చెప్పలేదు, పక్క వీధి ఫ్యాబ్రికేషన్ షాపు ఆయన చెబితే తెలిసింది.