రౌటర్ టేబుల్ ఫెన్స్: సమాంతరం కాదు, లంబం చూడండి

రౌటర్ టేబుల్ అంటే చెక్కని తొలిచే బిట్ (గిర్రున తిరిగే కోత పనిముట్టు) బల్ల మధ్యలోంచి పైకి వచ్చే యంత్రం; ఫెన్స్ అంటే చెక్కని ఆనించి తోయడానికి దాని మీద నిలబెట్టే పలక. ఈ ఫెన్స్‌ని మైటర్ స్లాట్‌కి (బల్ల మీది పొడవాటి గాడికి) సమాంతరంగా పెట్టాలని చాలామంది తంటాలు పడతారు. మైటర్ గేజ్ (ఆ గాడిలో జరుగుతూ చెక్కని కోణంలో పట్టే సాధనం) వాడితే తప్ప అక్కర్లేదు. బిట్ గుండ్రం కదా, ఫెన్స్ ఏ కోణంలో ఉన్నా కోత ఒకేలా పడుతుంది. ఫెన్స్ ముఖం టేబుల్‌కి 90 డిగ్రీలు ఉండాలి, అదీ అసలు సంగతి. మూలమట్టం ఆనించి, సందు కనిపిస్తే వెనక కాగితం ముక్కలు దూర్చి సరిచేయండి.

సన్నటి సర్దుబాటుకి ప్లగ్ తీసేసి, ఫెన్స్ ఒక చివర క్లాంప్ బిగించి, రెండో చివర మాత్రమే జరపండి. బిట్ నడిమధ్యలో ఉంటే, 1 మి.మీ. జరిపితే కోత దాదాపు అర మి.మీ. మారుతుంది.

ఫెన్స్ అడుగు అంచుని 3 మి.మీ. ఏటవాలుగా చెక్కండి. లేకపోతే పొట్టు చేరి, చెక్క ఫెన్స్‌కి దూరంగా జరిగి, కోత తగ్గుతుంది. చెక్కని కుడి నుంచి ఎడమకే తోయాలి. బిట్‌కీ ఫెన్స్‌కీ మధ్య ఎప్పుడూ దూర్చొద్దు, చేతిలోంచి లాక్కుపోతుంది.